జమ్రూద్ పళ్ళసెట్టు

పెనుకొండలో పొద్దున రైలెక్కి హిందూపురంలో దిగేలోపల ఫరీన్ తన పగలన్నింటినీ వరసగా ఒకసారి తలుచుకుంటుంది. కొందరు తస్బీ పూసలు తిప్పుతారు, కొందరు ఫోన్ తిప్పుతారు, ఆమెకు ఇదొక అలవాటు. చాకర్లపల్లి వచ్చేసరికి పదో తరగతి పరీక్షల రోజు తన అట్ట ఎత్తుకుపోయిన పిల్ల వంతు అయిపోతుంది. మలుగూరు దాటేలోపల, పట్టుచీర అరువు తీసుకొని కొంగు నిండా కూర మరకలతో మడిచి ఇచ్చిన ఆడబిడ్డ వంతు అయిపోతుంది. హిందూపురం స్టేషను కనపడే చోట మాత్రం ఒక్కరికే జాగా. ఆ జాగా మొదటి నుంచీ ధర్మవరం జమ్రూద్‌బీది. రిజర్వేషన్ చేయించినట్టు ఆమె పేరు మీదే ఉంది.

ఫరీన్‌కు ముప్పై ఐదు నడుస్తోంది. ఇరవైల్లో కోపం వస్తే టపాకాయ మాదిరి పేలి అక్కడికక్కడ పొగై పోయేది. ముప్పైలు వచ్చాక కోపం ఊరగాయ అయింది. జాడీలో పెట్టి గుడ్డ కట్టి ఉంచితే, ఏడాది తర్వాత మూత తీసినా ఘాటు ముక్కుకు తగులుతుంది. వయసు చేసిన పనులు ఇంకా ఉన్నాయి. కింద కూర్చుని లేస్తే మోకాళ్ళు పలుకుతాయి. తెల్లవెంట్రుక ఒకటి కనపడితే పీకేస్తుంది, మరుసటి వారం అది చుట్టాలను వెంటేసుకొని వస్తుంది. రైల్లో కాలేజీ పిల్లలు “ఆంటీ, కొంచెం జరగండి” అంటే జరగాలి. ముసలివాళ్ళు “లెయ్యి పాపా, నీది చిన్న వయసు” అంటే లేవాలి. ముప్పై ఐదంటే సీటు మీద హక్కు రెండు వైపుల నుంచీ పోయిన వయసని ఆమెకు ఈ మధ్యే అర్థమైంది.

ఇంకొక సంగతి. ఫరీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వగా చూసినవాళ్ళు పెనుకొండలో లేరు. పెళ్ళి ఫొటోలో పెదవులు కుట్టేసినట్టు ఉంటుంది. ఆమె మొగం చూసి టికెట్ కలెక్టరు తడబడి తన జేబులో టికెట్ కోసం తాను వెతుక్కున్నాడని ఆడవాళ్ళ బోగీలో చెప్పుకుంటారు. అది కాస్త పెంచి చెప్పిన మాటే కానీ, మరీ ఎక్కువ పెంచింది కాదు.

ఆ నవ్వు ఎక్కడ పోయిందంటే, పదిహేనేళ్ళ కిందట, పెనుకొండలో వాళ్ళ పుట్టింటి నడవలో పోయింది. అప్పుడామెకు ఇరవై. ధర్మవరం నుంచి జమ్రూద్‌బీ తన కొడుకు మసూద్‌కు పిల్లను చూడడానికి వచ్చింది. బోండాలు పెట్టారు, టీ ఇచ్చారు. ఫరీన్ నాయన మాబుసాబ్‌కు నలుగురు కూర్చుంటే హాస్యం చెప్పకపోతే తిన్నది అరగదు. ఆయన ఏదో చెప్పాడు, ఫరీన్ పకపకా నవ్వింది. జమ్రూద్‌బీ గ్లాసు కింద పెట్టి, అందరికీ వినపడేటట్టు అంది.

“పిల్ల బంగారమే. నవ్వితేనే చిగుళ్ళు వాకిట్లోకి వస్తాండాయి. నవ్వకుండా ఉండేట్లయితే మాకు సమ్మతమే.”

గదంతా గొల్లుమంది. ఫరీన్‌కు అది గుచ్చుకోలేదు, దాని వెనక వచ్చింది గుచ్చుకుంది. వాళ్ళమ్మ చేతులు నలుపుకుంటూ, “నవ్వదులే అక్కా, నేను చెప్తా” అంది.

ఆ సంబంధం ఎటూ కుదరలేదు. మాట మాత్రం రైలెక్కి ఊరూరా దిగింది. చిగుళ్ళ ఫరీన్ అనే పేరు ఆమెకంటే ముందే పెళ్ళిళ్ళకు పోయి కూర్చునేది. రెండేళ్ళ తర్వాత మోటార్లు రిపేరు చేసే మంచివాడు ఒకడు దొరికాడు, పెళ్ళయింది, కాపురం బాగానే ఉంది. చెయ్యి మాత్రం నోటి మీద నుంచి దిగలేదు.

దేవుడికి కూడా హాస్యం ఇష్టమేమో, ఆమెకు దొరికిన ఉద్యోగం హిందూపురంలో పళ్ళు తయారుచేసే ల్యాబ్‌లో. స్టేషను రోడ్డులో మెడికల్ షాపు మీద మేడ, దాని యజమాని ఓబుళప్ప. చుట్టుపక్కల ఊళ్ళ దంతవైద్యులు రోగి నోటి అచ్చు తీసి పంపిస్తే, ఇక్కడ మైనంలో పళ్ళు పేర్చి, డాక్టరు రోగి నోట్లో పెట్టి సరిచూశాక, గట్టి సెట్టుగా వండి పంపిస్తారు. పళ్ళు పేర్చడంలో ఫరీన్ చెయ్యి పెద్దది. ఆమె చేసిన సెట్టు పెట్టుకొని మడకశిర వైపు ఒక తాత చెరకు గడను కణుపులతో సహా నమిలి, చెరకు తోట యజమాని చేత తన్నులు తిన్నాడని చెప్తారు.

ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. నవ్వినప్పుడు పైపెదవి ఎంతవరకు లేస్తుందో డాక్టరు మైనం మీద గీత గీసి పంపిస్తాడు. పళ్ళు ఆ గీత దాకా ఉండాలి, చిగురు గీతకు పైన దాక్కోవాలి. మైనం పళ్ళు నోట్లో పెట్టినప్పుడు రోగిని తప్పకుండా నవ్వించి చూడాలి. డాక్టర్లు తొందరలో మరిచిపోతారని, ఫరీన్ ప్రతిసారీ ఫోన్ చేసి “నవ్వించి చూసినారా సార్?” అని అడుగుతుంది. పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా అడగకుండా ఉండలేదు.

ఆ సోమవారం ధర్మవరం నుంచి అట్టపెట్టె వచ్చింది. లోపల తెల్లటి నోటి అచ్చులు, గీత గీసిన మైనం దిమ్మ, పైన చీటీ. జమ్రూద్‌బీ, అరవై ఎనిమిది, పైనా కిందా పూర్తి సెట్టు, శనివారానికి అర్జెంటు, కొడుకు పేరు మసూద్.

ఫరీన్ ఆ చీటీని మూడుసార్లు చదివింది. తర్వాత అచ్చును చేతిలోకి తీసుకొని తిప్పి చూసింది. ఒక్క పన్ను లేదు. పదిహేనేళ్ళుగా రోజూ ఏ నోటిని తిట్టుకుందో ఆ నోరు, బోర్లించిన గుర్రపు లాడం మాదిరి ఆమె అరచేతిలో ఉంది.

“ఏమక్కా, దాన్నట్ల చూస్తాండావు? దెయ్యం పట్టినట్ల,” అంది ఆయేషా.

ఆయేషా ల్యాబ్‌లో పళ్ళకు మెరుగు పెట్టే పిల్ల, ఇరవై రెండేళ్ళు. ఆ పిల్ల నవ్విందంటే కింద మెడికల్ షాపులో మందు సీసాలు గలగలలాడతాయి. ముందు పళ్ళలో ఒకటి ఇంకొకదాని భుజం మీద చెయ్యి వేసినట్టు ఉంటుంది. అది చూపించుకుంటూనే నవ్వుతుంది.

“ఏం లేదు. పని చూసుకో,” అంది ఫరీన్.

“నేను ఆదివారం దాకానే పని. తర్వాత రాణిని. ధర్మవరం నుంచి నన్ను చూసేకి వస్తాండారు. పిల్లోని పేరు ఫర్హాన్. ఫొటో చూసినా, బాగుండాడు.”

“మంచిదే.”

“ఆయప్పకు పెద్దవ్వ ఒకామె ఉండాదంటక్కా. వాళ్ళింట్లో ఎవరికి పిల్లను చూడాలన్నా ఆమె లేకపోతే కారు కదలదంట. ఆమె ఊ అంటేనే ఊ. ఇప్పుడు పళ్ళు లేవంట, మాట్లాడితే గాలి వస్తాదంట తప్ప మాట రాదంట. కొత్త పళ్ళు వచ్చేదాకా చూపులే ఆపినారు.”

ఫరీన్ అచ్చును బల్ల మీద పెట్టింది. “పేరేంది?”

“జమ్రూద్‌బీ అనుకుంటా. ఎందుకక్కా?”

చీటీని ఫరీన్ అరచేతితో కప్పింది. ఆయేషా మెరుగు మిషను ఆపి, మామూలు సంగతి చెప్పినట్టు చెప్పింది.

“మా యమ్మ చెప్పింది, ఆదివారం నువ్వు నవ్వొద్దు అని. పన్ను మీద పన్ను కనపడతాదంట. మూడు గంటలే గదా, ఓర్చుకుంటాలే.”

ఫరీన్ చీటీని మడిచి అచ్చు కింద పెట్టింది. తన వయసు ఆడవాళ్ళు ఓర్చుకున్న గంటలన్నీ కలిపితే పెనుకొండ కొండ కంటే ఎత్తవుతాయని ఆమెకు తోచింది. తనకూ ఒకరోజు అన్నారు, ఆ ఒక్క పూట అన్నారు. ఆ పూట ఇంకా పూర్తి కాలేదు.

అప్పటిదాకా ఆమె బుద్ధి నిజాయితీగా పనిచెయ్యమనే చెప్తోంది. ఆ తర్వాత బుద్ధిని కింద మెడికల్ షాపులో కూర్చోబెట్టి వచ్చింది.

మైనం దిమ్మ మీద డాక్టరు అంచనాకొద్దీ గీసిన గీతను వేడి కత్తితో మెత్తగా చెరిపేసింది. పళ్ళ డబ్బాలో నుంచి చిన్న సైజు పళ్ళు ఏరింది, ఆరేళ్ళ పిల్లల పాలపళ్ళకు అక్కలు మాదిరివి. వాటిపైన గులాబీ రంగు మైనం బియ్యపు గింజంత ఎక్కువ, ఇంకొక గింజంత ఎక్కువ అతికించింది. ఊరికే కూర్చుంటే ఏమీ తెలియదు. మాట్లాడినా తెలియదు. నవ్వితే మాత్రం వాకిలి తలుపులు రెండూ తెరుచుకుంటాయి.

బుధవారం మైనం పళ్ళు ధర్మవరం పోయాయి. ఫరీన్‌కు ఒకటి బాగా తెలుసు. ఆ తరం ఆడవాళ్ళు మగ డాక్టరు ముందర నవ్వరు. అద్దం ఇస్తే పెదవులు మూసుకొని చూసుకుంటారు, కొంగు లాక్కుంటారు, “బాగుండాయి నాయనా” అని లేచిపోతారు. సాయంత్రం డాక్టరు ఫోన్ చేసి, సరిపోయాయి, వండేయండి అన్నాడు. ఫోన్ పట్టుకున్న ఓబుళప్ప, ఏమైనా అడుగుతావా అన్నట్టు ఫరీన్ వైపు చూశాడు. ఆమె మైనం తుడుచుకుంటూ కూర్చుంది.

శుక్రవారం సెట్టు వండింది. శనివారం పంపించింది. ఆదివారానికి ఆయేషా వాళ్ళమ్మ తనంతట తానే పిలిచింది. “మా పిల్లకు నువ్వంటే భయం. నువ్వు పక్కనుంటే నవ్వకుండా ఉంటాది, రామ్మా.”

ఆ రెండు రోజులూ ఫరీన్ ఇంకొక పని చేసింది. రైల్లో కథ చెప్పడం నేర్చుకుంది. పగ సగమే తయారైంది, మిగతా సగానికి ముసలామె నవ్వాలి కదా. వాళ్ళ నాయన పోయేటప్పుడు వదిలిపోయిన ఆస్తి హాస్యమొక్కటే, దాన్ని ఇన్నేళ్ళూ ముట్టుకోలేదు. పక్క సీట్లో మల్లెపూలమ్మే రామలక్ష్మమ్మకు ఒకసారి చెప్పి చూసింది. రామలక్ష్మమ్మ నవ్వీ నవ్వీ మలుగూరులో దిగాల్సింది హిందూపురం దాకా వచ్చింది.

చింతపండు మండీ వెనక సందులో ఆయేషా వాళ్ళ ఇల్లు. పదకొండు గంటలకు ధర్మవరం కారు వచ్చింది. ఫర్హాన్, వాళ్ళమ్మా నాయనా దిగారు. ఆఖరున జమ్రూద్‌బీ దిగింది. నోటికి అడ్డంగా కొంగు.

ముందురోజు సాయంత్రం ఇంట్లో అద్దం ముందు నవ్వి చూసుకున్నదన్నమాట. ఆదివారం డాక్టరు ఉండడు. పళ్ళు తీసేసి వస్తే మాట రాదు, పెట్టుకొని వస్తే నోరు తెరవరాదు. అది అర్థమవగానే ఫరీన్ ఒళ్ళంతా, ఎండలో నడిచొచ్చి కుండలో నీళ్ళు తాగినట్టు చల్లబడింది. పాపం అనిపించిందా అంటే, లేదు. అబద్ధం చెప్పి ఏం లాభం.

జమ్రూద్‌బీని నడవ మధ్యలో కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమె కొంగు చాటు నుంచే ప్రశ్నలు వేసింది.

“చదువు?”

“డిగ్రీ,” అంది ఆయేషా, పెదవులు బిగించి.

“వంట?”

“వస్తాది.”

అంతే. ఆ గదిలో ముగ్గురు ఆడవాళ్ళు నోళ్ళు బిగించుకొని కూర్చున్నారు. ఒకామె కొత్త పళ్ళ వల్ల, ఒక పిల్ల అమ్మ మాట వల్ల, ఒకామె పదిహేనేళ్ళ అలవాటు వల్ల. ఫర్హాన్ వాళ్ళ నాయన మాటిమాటికీ గొంతు సవరించుకున్నాడు. పెద్దామెకు పిల్ల నచ్చలేదేమోనని ఆయేషా వాళ్ళమ్మ చీర కొస నలిపి నలిపి తాడు చేసింది.

“ఏమ్మా, నువ్వు పళ్ళ ల్యాబ్‌లో ఉంటావంట గదా,” అన్నాడు ఫర్హాన్ వాళ్ళ నాయన, ఎవరో ఒకరు మాట్లాడాలి కాబట్టి. “ఆడ యెట్లుంటాది పని?”

ఫరీన్ చున్నీ సర్దుకుంది.

“అన్నా, అమరాపురం పక్కన హనుమప్ప అని ఒకాయన ఉండాడు. పెండ్లాం రామక్క. ఇద్దరికీ మా దగ్గరే పళ్ళు. పండుకునేటప్పుడు ఇద్దరూ తీసి ఒకే చెంబులో యేస్తారు. ఒకపొద్దు తొందరలో ఆయప్ప ఆమె పళ్ళు పెట్టుకోని పంచాయతీకి పోయినాడు.”

“పట్టినాయా?” అన్నాడు ఫర్హాన్.

“పట్టేది కాదబ్బా, పట్టుకున్యాయి. ముప్పై ఏండ్లలో నోరెత్తని మనిషి. ఆ పొద్దు సర్పంచును నిలబెట్టి కడిగినాడు. రోడ్డు యాడ, లైటు యాడ, పోయినేడు నువ్వు తిన్న మా కోడి యాడ అని. ఆపుదామనుకుంటాడంట, పళ్ళు ఆగవంట. ఆఖరుకు ఎవురూ లేకపోతే వాళ్ళ నాయన సమాధి దగ్గరికి పోయి, నాకీ పెండ్లి ఎందుకు చేసినావని అడిగొచ్చినాడు.”

ఆయేషా భుజాలు కదిలాయి. వాళ్ళమ్మ తొడ గిల్లింది.

“మరి ఇంటికాడ ఆమె?” అంది ఫర్హాన్ వాళ్ళమ్మ.

“ఆమె ఆయప్ప పళ్ళు పెట్టుకోని మూల కూర్చున్యాది. పొద్దుగూకేదాకా ఉలుకు లేదు పలుకు లేదు. ఇరుగుపొరుగు గుమిగూడి, రామక్కకు ఏమో అయిందని ఆటో పిలిచినారు. ఆటో ఎక్కుతా ఆమె ఒకటే మాటంట. ‘మీ ఇష్టం.’ ముప్పై ఏండ్లలో ఆ మాట ఆమె నోట ఎవురూ ఇనలేదు. అందరూ ఏడ్చినారు.”

ఆయేషా ఇక ఆగలేకపోయింది. పన్ను మీద పన్నుతో సహా బయటపడి నవ్వింది. దాన్ని చూసి ఫర్హాన్ నవ్వాడు. జమ్రూద్‌బీ కొంగు ఉబ్బింది, తగ్గింది, మళ్ళా ఉబ్బింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కుర్చీ కిర్రుమంది. ఆఖరుకు కొంగు జారిపోయి, గుక్క తిప్పుకోలేక తల వెనక్కి వేసి నవ్వింది. గులాబీ రంగు చిగురు మొత్తం, ఈ చెంప నుంచి ఆ చెంప దాకా, కింద బియ్యపు గింజల వరస మాదిరి పళ్ళతో సహా నడవలోకి వచ్చి నిలబడింది.

ఫరీన్ లేచింది. ఆ మాట ఆమె నోట్లో పదిహేనేళ్ళుగా నానుతోంది, వెతుక్కోవలసిన పని లేదు.

“పెద్దమ్మ బంగారమే,” అంది అందరికీ వినపడేటట్టు. “నవ్వితేనే చిగుళ్ళు వాకిట్లోకి వస్తాండాయి. నవ్వకుండా ఉండేట్లయితే మాకు సమ్మతమే.”

ఈసారి గది గొల్లుమనలేదు. ఎవరి గ్లాసు వాళ్ళ చేతిలో ఆగింది. జమ్రూద్‌బీ చెయ్యి ఎగిరి నోటి మీదికి పోయింది, నాలుగు వేళ్ళు పెదవి మీద, బొటనవేలు గడ్డం కింద. ఆ వేళ్ళ కూర్పు ఫరీన్‌కు తెలిసినంత బాగా లోకంలో ఎవరికీ తెలియదు. టీలు చల్లారేదాకా దాన్నే చూస్తూ కూర్చుంది. కడుపు నిండా తిన్నట్టుగా ఉంది.

ఫర్హాన్ వాళ్ళ నాయన చల్లారిన టీ పక్కన పెట్టి మెల్లగా అడిగాడు. “ఏం పెద్దమ్మా, మరి పిల్ల సంగతి ఏమంటావు?”

జమ్రూద్‌బీ వేళ్ళ సందులో నుంచి అంది. “పిల్లకేం వంక లేదు. పై శుక్రవారం ఖాయం చేసుకోండి.”

ఆమె ఒక పిల్లకు వంక లేదనడం ధర్మవరం చరిత్రలో అదే మొదలని కారు డ్రైవరు తర్వాత చెప్పాడు.

వెళ్ళిపోయేటప్పుడు చెప్పుల దగ్గర ఆమె ఫరీన్‌ను ఆపింది. “ఎవురమ్మా నువ్వు? నీకు నేనేం చేసినా?”

“పెనుకొండ మాబుసాబ్ కూతుర్ని. నీ కొడుకు మసూద్‌కని చూసేకి వచ్చినావు. ఆ మాట నువ్వు నాకిచ్చిందే. తిరిగిచ్చినా.”

ముసలామె కళ్ళు చిన్నవి చేసుకుంది. ఎంత వెతికినా లోపల ఏమీ దొరకలేదని ఆమె మొగంలోనే తెలిసిపోయింది. “అనింటానమ్మా. యాడికి పోయినా ఏదో ఒకటి అనేదాన్నే. ఏమీ అనకపోతే నన్ను కార్లో ఎందుకు తీసుకుపోతారు?” అంది. చెప్పులు వేసుకొని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొనే కారెక్కింది.

గుర్తు కూడా లేదు. ఫరీన్ నిండిన కడుపులో ఆ మాట రాయి మాదిరి పడింది. దాని మీద ఇంకొక రాయి ఆయేషా వేసింది.

“అక్కా, నీ పగకు నా చూపులే దొరికినాయా? ఆమె కాదనిపోయింటే నా గతేంది? ఒక మాట నన్ను అడిగినావా?”

ఫరీన్ తన చెప్పులు వెతుక్కుంది. ఆ సంగతి ఆమె నిజంగానే ఆలోచించలేదు. రైల్లో ఇంటికి పోతూ, హిందూపురం స్టేషను దగ్గర ఎప్పుడూ తలుచుకునే పేరు తలుచుకోబోయింది. రుచి లేదు. కానీ అలవాటు కొద్దీ తలుచుకుంది.

మరునాడు సోమవారం జమ్రూద్‌బీ ఒక్కతే ప్యాసింజరు రైలెక్కి ల్యాబ్‌కు వచ్చింది, పళ్ళు చేతిగుడ్డలో మూటకట్టుకొని. ఓబుళప్ప ఆ సెట్టును వెలుతురులో పెట్టి రెండు నిమిషాలు చూశాడు. తర్వాత దాన్ని సొరుగులో వేసి కళ్ళజోడు తీశాడు.

“ఫరీనా, ఇది నీ చెయ్యి జారి చేసింది కాదు. నీ చెయ్యి జారదు.”

“లేదన్నా. తెలిసే చేసినా.”

“ఎందుకు చేసినావో నేనడగను. మళ్ళా చెయ్యి, నీ సెలవు పూటల్లో చెయ్యి. ఇంకోసారి ఇట్లయితే నువ్వు ఈ మెట్లెక్కొద్దు.”

డాక్టరు గీత చెరిపేసింది ఆమే కాబట్టి కొత్త గీత కావాలి. ఫరీన్ మైనం దిమ్మ చేసి ముసలామె నోట్లో పెట్టింది. ఎడమచేతి వేలితో దాన్ని అదిమి పట్టుకొని, కుడిచేతిలో చిన్న కత్తి పట్టుకొని ఎదురుగా కూర్చుంది.

“నవ్వు పెద్దమ్మా. పెదవి యాడిదాకా లేస్తాదో చూసి గీత గీయాల.”

జమ్రూద్‌బీ పెదవులు సాగదీసింది.

“అది నవ్వు కాదు. నిజంగా నవ్వాల. లేకపోతే కొలత రాదు.”

“ఏం చూసి నవ్వేదమ్మా? ఆ హనుమప్ప కథ మళ్ళా చెప్పు.”

“ఒకసారి ఇన్న కథకు నవ్వు సరిగ్గా రాదు. ఇంకోటి చెప్తా. పెనుకొండలో ఒక పిల్ల ఉన్యాది.” ఫరీన్ మొత్తం చెప్పింది. చూపుల రోజు, వాళ్ళమ్మ మాట, రైలెక్కిన పేరు, పెళ్ళి ఫొటో. ఆపి, కత్తి సరిచేసుకుంది. “నవ్వు పెద్దమ్మా. ఆ పొద్దు అందరూ నవ్వినారు.”

ముసలామె నవ్వలేదు.

“అయితే రేపు రా. నవ్వొచ్చినప్పుడు రా.”

మంగళవారం వచ్చింది, నవ్వు రాలేదు, పోయింది. ధర్మవరం నుంచి వచ్చీపోయీ నాలుగు గంటలు. ఆ రెండు రోజులు ఫరీన్ మధ్యాహ్నం వేయించిన వేరుశనక్కాయలు తెచ్చుకొని ఆమెకు ఎదురుగా కూర్చొని కటకటా తిన్నది. ఆయేషా కోపం మీద ఉండి కూడా ఒక గుప్పెడు తీసుకుంది.

బుధవారం జమ్రూద్‌బీ మైనం దిమ్మ నోట్లో పెట్టుకోగానే తనే మొదలుపెట్టింది. దిమ్మ అడ్డంతో మాటలు ముద్దముద్దగా వచ్చాయి.

“రెండు దినాలు రైల్లో అదే తలుచుకున్యా. గుర్తొచ్చింది. మీ ఇంట్లో బోండాలు పెట్టినారు గదా.”

“పెట్టినాము.”

“దాంట్లో పచ్చిమిరక్కాయ ఉన్యాది, వేలంత. కొరికినా. నెత్తి పగిలిపోయింది. చూపులకు పోయి నీళ్ళడిగితే మర్యాద పోతాదని మింగుకోని కూర్చున్యా. ఆ టయానికి నువ్వు పకపకా నవ్వినావు. నా అవస్థ చూసి నవ్వినావనుకున్యా. ఆ మంట మీద వచ్చిందమ్మా ఆ మాట.”

“మిరక్కాయకా?” అంది ఫరీన్.

“మిరక్కాయకే.”

“ఎంతసేపు మండింది?”

ముసలామె ఆలోచించింది. “తిరిగి పోతా దావలో కొత్తచెరువు దాటిందాకా.”

పదిహేనేళ్ళు ఒకవైపు, కొత్తచెరువు ఒకవైపు. ఫరీన్‌కు కత్తితో బల్ల మీద పొడవాలన్నంత కోపం వచ్చింది. అదే దారిలో, కోపం కంటే ఒక అడుగు ముందు, కడుపులో నుంచి ఇంకొకటి తన్నుకొచ్చింది. ఆ నడవలో తను నవ్వింది నాయన హాస్యానికి. ఇప్పుడు నవ్వుతున్నది ఒక మిరపకాయకు. ఎడమచేతి వేలు మైనం మీద, కుడిచేతిలో కత్తి. నోటికి అడ్డం పెట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. నవ్వింది. మిషను ఆపి ఆయేషా తిరిగి చూసింది. ఓబుళప్ప కళ్ళజోడు పెట్టుకొని చూశాడు.

జమ్రూద్‌బీ ఆ నోట్లోకే చూస్తోంది. “అమ్మా,” అంది మెల్లగా. “నేను ఊరికే అనలేదు. నిజంగానే కనపడతాండాయి.”

అని, తన మాటకు తానే, దిమ్మ కదిలేంతగా నవ్వేసింది. పైపెదవి లేచింది. నవ్వుతూనే ఫరీన్ చటుక్కున గీత గీసింది. పెదవి లేచిన చోటే, గోరంత కూడా తేడా లేకుండా. ఇంకాస్త కిందికి గీద్దామా అని కత్తికి ఒక్క క్షణం ఆశ పుట్టింది కానీ, ఓబుళప్ప చూస్తున్నాడు.

“శుక్రవారం ఖాయం విందుకు అందుతాయి గదమ్మా?” అంది జమ్రూద్‌బీ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. “మటన్ బిర్యానీ అంట.”

“తొందరపెడితే పని పాడవుతాది పెద్దమ్మా. మంచిగా చేసిస్తా,” అంది ఫరీన్.

మంచిగానే చేసింది. అంత కుదిరిన సెట్టు ఆ మేడ మీద నుంచి ఎప్పుడూ దిగలేదని ఓబుళప్ప ఇప్పటికీ చెప్తాడు. గురువారం మధ్యాహ్నానికే అది మెరుగు పెట్టి, తడిగుడ్డలో చుట్టి, డబ్బాలో తయారుగా ఉంది. ఫరీన్ దాన్ని శనివారం పొద్దున పంపించింది.

శుక్రవారం విందులో ఆమె జమ్రూద్‌బీకి ఎదురుగా కూర్చుంది. ఆయేషా మెత్తబడి, పెద్ద ఎముకున్న ముక్కను ఏరి ఫరీన్ పళ్ళెంలో వేసింది. ఫరీన్ దాన్ని రెండు చేతులా పట్టుకొని, ఫర్హాన్ చెప్పిన ఏదో మాటకు పళ్ళూ చిగుళ్ళూ కనపడేటట్టు నవ్వుతూ, మూలుగ దాకా కొరికి తిన్నది. ఎదురుగా జమ్రూద్‌బీ సేమియా పాయసం గిన్నె పెట్టుకొని, స్పూను తర్వాత స్పూను తాగుతూ, ఆ ఎముక వైపే చూస్తోంది.